చాకిరేవు శిలాఫలకం

సిద్దిపేట,
2 ఫిబ్రవరి 1969

అల్లుడు రాజనర్సుకు,

మామ రాజమల్లయ్య దీవిస్తూ రాస్తున్న కాయిదం. ఈడ అందరం మంచిగున్నం. చంద్లాపూర్ల మీ అవ్వ, మా చెల్లె కొండవ్వకు మోకాలు నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలే. కొడుకు పట్నంల బీయే చదువుతుండని ఊరంత చెప్పుకుంట తిరుగుతుంది. నువ్వేమో కాలేజీ బందువెట్టి సడకు మీద జెండా పట్టుకొని తిరుగుతున్నవని ఎవలో చెప్పిన్రు. ఆమెకు నేను చెప్పలే.

ఇగ మన ముచ్చట. మన గుర్రాల చెరువుకు మంచి రోజులు వచ్చినయట. వకీలు దామోదర్ సాబు పెద్దగుండి ‘గుర్రాల చెరువు సుందరీకరణ సంఘం’ అని ఒకటి పెట్టిన్రు. కట్ట మీద పూల చెట్లు, కూసునెతందుకు సిమెంటు బల్లలు, చుట్టూత ఇనుప కటకటాలు, కరెంటు దీపాలు పెడుతరట. జనం పొద్దూకంగ వచ్చి నీళ్ళు చూసుకుంట సల్లగాలికి కూసోవాల్నట. మొదాలు ఒక బోర్డు పాతిన్రు: ‘ఈ స్థలము ప్రజల కొరకు’. దాని పక్కన్నే ఇంకోటి: ‘బట్టలు ఉతుకరాదు, బర్రెలను కడుగరాదు, చేపలు పట్టరాదు, నీళ్ళలో దిగరాదు’. నేను ఉండబట్టలేక అడిగిన, “సాబ్, గివన్ని బందు జేస్తే ఇగ ఈడికొచ్చే ప్రజలు ఎవలు?” అని. ఆయన నవ్వి, “రాజమల్లూ, ప్రజలంటే నువ్వు కాదురా” అన్నడు. నాకు యాభై రెండేండ్లు. ఇన్నొద్దులు నేను గూడ ప్రజలల్ల ఒకణ్ణే అనుకున్న.

అసలు సంగతి ఇప్పుడు రాస్త. మన రేవు బండ పోయింది. నంగునూరుల పటేలింట్ల పెండ్లయితే చాకలి పనికి మూడు దినాలు పోయిన. తిరిగొచ్చి చూస్తే బండ ఉన్న జాగల గుంత ఉన్నది. మా తాత, మా నాయిన, నేను, ముగ్గురం ఉతికి ఉతికి నున్నగ జేసిన బండ రా అది! పసిపిల్ల చెంప లెక్క ఉంటుండె. ఇప్పుడు ఇంకో గరుకు రాయి మీద కొడుతుంటే హెడ్మాస్టరు సారు ధోతి నడిమికి చినిగింది. ఇట్ల ఇంకో రెండు నెలలైతే ఊళ్ళె ఎవలు నాకు బట్టలెయ్యరు. పెద్ద చదువు చదివినోనివి, సంఘానికి ఒక దరఖాస్తు రాసి పంపు. దస్కతు నేను పెడుత.

నా బిడ్డ స్వరాజ్యలక్ష్మి నిన్ను అడిగినట్టు రాయమన్నది. తను రాయమన్నట్టు రాయొద్దని గూడ అన్నది.

ఇట్లు,
బండ లేని మామ, రాజమల్లయ్య


హైదరాబాద్,
15 ఫిబ్రవరి 1969

పూజ్యులైన మామయ్య గారికి,

మీ లేఖ అందింది. ప్రస్తుతం మేమందరం ఒక చారిత్రక దశలో ఉన్నాము. మొన్న మా హాస్టల్ భోజనశాలలో కార్యాచరణ సంఘం సమావేశం ఆరు గంటలపాటు జరిగింది. అందులో నాలుగు గంటలు అధ్యక్షుడు ఎవరన్న చర్చకే పట్టింది. చివరకు నేను తొమ్మిదవ ఉపాధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

మామయ్య గారూ, ఒక ప్రాంతం ప్రాంతమే మన చేతుల్లోంచి జారిపోతుంటే మీరు ఒక బండ పోయిందని దుఃఖించడం నాకు ఆశ్చర్యం కలిగించింది. దరఖాస్తుల యుగం ముగిసింది. ఇది పోరాటాల యుగం. మంత్రుల పేర్లు చెక్కిన శిలాఫలకం తెలంగాణ గడ్డమీద ఒక్కటి కూడా మిగలకూడదని మేము తీర్మానించాము. సిద్దిపేట బాధ్యత నాకు అప్పగించారు. అక్కడ అటువంటి ఫలకాలు ఎన్ని ఉన్నాయో, ఎంత మందం ఉన్నాయో, ఎన్ని సమ్మెటలు కావాలో వెంటనే తెలియజేయండి.

ఒక హెచ్చరిక. మా హాస్టలుకు వచ్చే ఉత్తరాలను పోలీసులు విప్పి చదువుతున్నారు. అందుచేత ఎవరికైనా ప్రమాదం తెచ్చే సంగతి ఏదీ కాగితం మీద పెట్టకండి.

మరొక విన్నపం. మీరు ఎప్పుడైనా హాస్టలుకు వస్తే నేరుగా లోపలికి రాకుండా గేటు దగ్గర కబురు చేయండి. మీరు వస్త్ర రంగంలో ఉన్నారని మిత్రులకు చెప్పి ఉన్నాను.

స్వరాజ్యలక్ష్మికి ఉద్యమాభినందనలు.

జై తెలంగాణ!
బి. రాజనర్సు, ఉపాధ్యక్షుడు (9)


సిద్దిపేట,
9 మార్చి 1969

అల్లుడా,

మొదాలు ఈ కాయిదం విప్పి చదువుతున్న పోలీసు సాబులకు సలాం. మీ ఇండ్లల్ల గూడ ఎవలో ఒక చాకలి ఉంటడు, ఆయనకు నా శెనార్థులు చెప్పున్రి.

నర్సూ, ఉత్తరాలు పోలీసులు చదువుతున్నరంటవు, మళ్ళ అదే ఉత్తరంల ఎన్ని సమ్మెటలు కావాల్నో రాయమంటవు. తొమ్మిదో ఉపాధ్యక్షుడే ఇట్లుంటే మొదటాయన ఎట్లుంటడో! ఇంకోటి. మామయ్య గారు ఎవలు బిడ్డా? నేను నీ మామను. తెలంగాణ కోసం కొట్లాడేటోడు ‘తీర్మానించాము, తెలియజేయండి, ఎన్నికయ్యాను’ అని రాస్తే మాకేం సమజైతది? రేపు తెలంగాణ వచ్చినంక గూడ అది ‘విచ్చేసినది’ అంటవా, ‘వచ్చింది’ అంటవా? నేను వస్త్ర రంగంల ఉన్న ముచ్చట చదివి మీ అత్త గంజి కుండ దించి పెట్టి నవ్వింది. నేను నవ్వలే.

కటకటాలు బిగించిన్రు. బల్లలు పోసిన్రు. బల్లలన్ని సడకు దిక్కు మొగం పెట్టి పోసిన్రు, చెరువు దిక్కు వీపు వెట్టి కూసోవాలె. ఎందుకంటే ప్రారంభానికి వచ్చే మంత్రి గారి కారు సడకు మీదికెంచే వస్తదట.

ఫలకం గూడ నిలవెట్టిన్రు. పట్నం నుంచి నల్లరాయి రావాలె, బందులతోటి లారీలు కదులుతలేవు. అయినా వారం దినాలల్ల ఏడికెంచో ఒక రాయి దొరికింది. మసీదు పక్క గల్లీల ఇషాక్ భాయ్ తెలుసు కదా, గోరీల మీద పేర్లు చెక్కేటాయన, ఆయనతోని చెక్కిపిచ్చిన్రు. పైన మంత్రి గారి పేరు బొటనవేలంత అక్షరాలతోని. నడిమిట్ల సంఘపోళ్ళ పద్నాలుగు పేర్లు. ‘ప్రజల కొరకు’ అన్న ముక్కకు జాగ సాలక అడుగు మూలకు ఇరికిచ్చిన్రు.

రాయి మాత్రం మస్తు రాయి. అంత నున్నటి రాయి సిద్దిపేట మొత్తంల ఒక్కటే ఉంటుండె, నీకెరికే. నేను రోజు పోయి దాని ముంగట కూసుంటున్న. దామోదర్ సాబు చూసి, “నీకు ఇంత భక్తి ఉన్నదనుకోలేదు రాజమల్లూ” అని మురిసిపోయి ఫలకానికి కావలి పెట్టిండు. ఖాకీ కోటు, మెడల ఏసుకొని ఊదెతందుకు ఒక పీక ఇచ్చిండు. నేను తీసుకున్న.

నర్సూ, నువ్వు గా ఫలకం జోలికి రాకు. ఎందుకని అడగకు. నేను ఒక దోస్తుకు మాటిచ్చిన, రహస్యాలు రాయొద్దని నువ్వే అంటివి.

ఇట్లు,
ఖాకీ కోటు మామ, రాజమల్లయ్య


హైదరాబాద్,
10 ఏప్రిల్ 1969

రాజమల్లయ్య గారికి,

ఇకపై మిమ్మల్ని మామ అని పిలవడానికి నా మనసు అంగీకరించడం లేదు.

మీ లేఖను మా సమావేశంలో చదివి వినిపించాను. ఖాకీ కోటు అన్న మాట దగ్గర అందరూ నా వైపే తిరిగి చూశారు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మన పిల్లలు లాఠీ దెబ్బలు తింటున్న వేళ నా సొంత మేనమామ మంత్రి పేరున్న రాతికి కావలి కాస్తున్నాడు! ఎంత చిన్న కోటుకు ఎంత పెద్ద అభిమానం అమ్ముకున్నారు! ఆ రాయి నున్నగా ఉందని మురిసిపోవడం కూడానా?

ఈ నెల 27, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఊరేగింపుగా గుర్రాల చెరువు కట్టకు వస్తున్నాము. మొదటి సమ్మెట దెబ్బ నాదే. అడ్డు వస్తే మేనమామ అని చూడను.

స్వరాజ్యలక్ష్మిని నాకు ఇవ్వాలని అమ్మా మీరూ నా ఊహ తెలియకముందే అనుకున్న మాటను ఇంతటితో మరచిపోండి. ద్రోహి ఇంటి అల్లుడినని అనిపించుకోలేను. ఆమె మీద నాకు కోపం లేదని మాత్రం చెప్పండి.

జై తెలంగాణ!
బి. రాజనర్సు, ఉపాధ్యక్షుడు (7)


సిద్దిపేట,
19 ఏప్రిల్ 1969

అల్లుడా,

నువ్వు మామ అనకుంటే నేను అల్లుడా అనుడు బందువెట్టను. తొమ్మిది నుంచి ఏడుకు వచ్చినవు, సంతోషం.

కోపంల ఉన్నవు కాబట్టి ఒక పాత ముచ్చట రాస్త, జర ఆగి చదువు. నీకు రెండేండ్లప్పుడు మీ అవ్వ నిన్ను రేవుకు తెచ్చి మన బండ మీద కూసోవెట్టింది. సబ్బు నురుగు తోటి ఆడుకుంట జారి పడ్డవు. నీ గదువ కింద, ఇప్పుడు గడ్డం మొలిచే కాడ, గాటు పడ్డది, బండ అంచుకు అర్ధచంద్రం లెక్క ఒక పెచ్చు లేచింది. “రాయికి నొప్పయిందా, పిలగానికి నొప్పయిందా” అని మా నాయిన రెండిటికి పసుపు పెట్టిండు. నీ గదువ కింది గాటు ఇప్పటికున్నది కదా? బండకున్న గాటు గూడ ఉన్నది. ఏ బండకన్నది నేను రాయను, పోలీసు సాబులకు అక్కరలేని ముచ్చట.

నువ్వు ఇరవై ఏడుకు రా. రావద్దంటే వినవు. వచ్చినంక సమ్మెట ఎత్తేముంగట ఫలకం ఎన్క దిక్కు పోయి, అంచు మీద చెయ్యి పెట్టి చూడు. నీ మామ చెప్పిండని ఒక్కసారి చూడు.

స్వరాజ్యలక్ష్మికి నీ ఉత్తరం చదివి వినిపిచ్చిన. “కోపం లేదన్నడా? నాకు మాత్రం మస్తున్నదని రాయి బాపూ” అన్నది.

నీ మామ,
రాజమల్లయ్య


చెంచల్‌గూడ జైలు,
11 మే 1969

రాజమల్లయ్య గారికి,

మీ చేతలన్నీ చూశాక కూడా ఈ లేఖ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఊరేగింపు ఏర్పాట్ల కోసం ఏప్రిల్ 17నే హాస్టలు వదిలి మద్దూరు దిక్కు వెళ్ళాను. మీ జవాబు ఏదైనా వచ్చి ఉంటే నేను చూడలేదు. చూడవలసినది కళ్ళారా చూశాను. రెండు వందల మంది ముందు, మిట్టమధ్యాహ్నం, నేను సమ్మెట ఎత్తేసరికి మీరు కోటు గుండీలు ఊడేలా పరుగెత్తి వచ్చి ఆ ఫలకాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు. ఒక మంత్రి పేరును! మీ చెంప దానికి ఆనించి ఏదో అరుస్తున్నారు. నినాదాల్లో ఒక్క ముక్క వినబడలేదు. ఆపైన పీక ఊదారు. ఆ పీక విని చాయ్ హోటల్లో కూర్చున్న పోలీసులు పరుగెత్తుకొచ్చి పదకొండు మందిని పట్టుకున్నారు. సమ్మెట నా చేతిలోనే ఉంది, ఒక్క దెబ్బా వేయలేదు.

ఇక్కడ అందరూ నన్ను “పీక అల్లుడు” అంటున్నారు. మా సంఘంలో నా పదవి తీసేశారు.

దయచేసి నన్ను చూడడానికి రావద్దు. వస్తే గేటు దగ్గర కూడా కబురు చేయవద్దు.

రాజనర్సు


సిద్దిపేట,
22 జూన్ 1969

అల్లుడా,

ఇగ అన్ని విప్పి రాస్త. పోలీసు సాబులు గూడ నిమ్మళంగ కూసొని చదువుకోవచ్చు.

నా 19 తారీఖు కాయిదం హాస్టల్ తిరిగి తిరిగి వాపసు వచ్చింది. దీంట్ల పెట్టి పంపుతున్న. అది చదివి, నీ గదువ మీద చెయ్యి పెట్టుకొని అటెన్క కింద చదువు.

గా ఫలకం మన రేవు బండ. నేను నంగునూరు పోయినప్పుడు సంఘపోళ్ళు లారీకి చూసి చూసి, చివరికి మన బండను పెకిలిచ్చుకపోయి ఇషాక్ భాయ్ ముంగట పడేసిన్రు. ఇషాక్ భాయ్ చూడంగనే గుర్తు పట్టిండు. ఆయన షేర్వాణీలు ఇరవై ఏండ్లుగ దాని మీద్నే ఉతికిన కదా. చెక్కనంటే వేరేటోనితోని లోతుగ చెక్కిపిస్తరు. అందుకని చెక్కిండు, కని వెంట్రుక మందం చెక్కి మీదికెంచి నల్ల రంగు నింపిండు. దూరంకెంచి చూస్తే లోతుగనే కొడుతది. తెల్లారి మనింటికొచ్చి చెవుల చెప్పిండు, “తుమారా పత్థర్ హై భాయ్, మై ఊపరిచ్ ఊపర్ లిఖ్యా. కిస్కు నక్కో బోలో.” నీ బండ కాబట్టి పైపైన్నే రాసిన, ఎవలకు చెప్పకు అని. మంత్రి గారి పేరు ఉత్తుత్తగ చెక్కిండని తెలిస్తే ఆయన బతుకేంగాను? పైసల కోసం కాదు, నా బండ కోసం ఆయన చేసిన పని అది. నేను మాటిచ్చిన. నీకు రాస్తే పోలీసులు చదువుతరని నువ్వే చెప్పితివి. ఇగ నేను ఏం జెయ్యాలె? కోటు తొడుక్కొని దాని ముంగట కూసున్న. నా బండకు నేనే కావలి.

పీక ఎందుకు ఊదిన్నో తెలుసా? లొల్లి బందైతే నా మాట వింటవని! “నర్సూ, నీ గాటు చూడురా” అని గొంతు చినిగేటట్టు మొత్తుకున్న. నువ్వు నన్ను చూసిన చూపు యాదికొస్తే నాకు ఇప్పటికి బువ్వ సయిస్తలేదు. నా చేతులతోని ఎత్తుకున్న పిలగాడు నా మీద సమ్మెట ఎత్తిండని కాదు. నన్ను అడగకనే ఎత్తిండని.

అటెన్క జరిగింది విను. మంత్రి గారు మూడుసార్లు వస్తనని మూడుసార్లు రాలే. ఊళ్ళె రాజకీయం నాకు మూటలనే ముందుగాల తెలుస్తది. జనవరిల దామోదర్ సాబు మూటల ఖద్దరు టోపీ వచ్చేది. మే నెలల టోపీ బందైంది. జూన్ల అంగి జేబుకు నల్ల బ్యాడ్జి గుండుసూదితోని ఉన్నది. నేను బ్యాడ్జి తీసి ఉతికి, మళ్ళ గుచ్చి పంపిన.

పదిహేను తారీఖు నాడు పొద్దుగాల దామోదర్ సాబు జనాన్ని తోలుకొని కట్ట మీదికి వచ్చిండు. పట్నంకెంచి పోటువ తీసేటాయన గూడ వచ్చిండు. “ఈ ద్రోహపు ఫలకాన్ని నేనే స్వహస్తాలతో పగలగొడతాను” అని నీ భాషల స్పీచు ఇచ్చిండు. దాని మీద పద్నాలుగు పేర్లల్ల మొదటి పేరు ఆయనదే. నన్ను “కోటు విప్పి సమ్మెట అందుకోరా” అన్నడు. నేను కోటు విప్పి మడత పెట్టి ఆయన చేతులనే పెట్టిన. “సాబ్, గిది నా బండ” అన్న. జనాన్ని ఎన్కకు పిలిచి గాటు చూపిచ్చిన. అంచు మీద మా నాయిన పసుపు లేదు గని గాటు అట్లనే ఉన్నది. “పగలగొడితే ఒక్కనాటితోని అయిపోతది సాబ్. నాకియ్యున్రి. ఊరందరి మురికి బట్టలు దెచ్చి మంత్రి గారి పేరు మీద దినాం కొడుత” అన్న.

ఒక్కసారి జనమంత గొల్లున నవ్విన్రు. డప్పులు వచ్చినయ్. పన్నెండు మంది బండను భుజాలకెత్తి, కటకటాలు రెండు పీకి తొవ్వ జేసి, రేవుల దించిన్రు. ముంగట దామోదర్ సాబు పూలదండ ఏసుకొని నడిచిండు. తెల్లారి పేపర్ల ‘చెరువును ప్రజలకు తిరిగి ఇచ్చిన దామోదర్’ అని ఆయన పోటువ పడ్డది. బండ పడలే.

ఫలకం పెట్టినోడే ఉద్యమకారుడైండు, ఇగ ఇషాక్ భాయ్‌ను అడిగేటోడెవడు? అందుకే రాస్తున్న.

ఇట్లు,
బండ దొరికిన మామ, రాజమల్లయ్య


చెంచల్‌గూడ జైలు,
13 జూలై 1969

మామా,

నీ రెండు కాయిదాలు ఒక్కనాడే చదివిన. గదువ మీద చెయ్యి పెట్టుకొనే చదివిన. తీయబుద్ధి కాలే.

నేను తప్పు చేసిన మామా. నువ్వు మొట్టమొదటి కాయిదంలనే బండ పోయిందని రాస్తివి. నేను దానికి స్పీచు ఇచ్చిన. నీ గోస చదవకుండ తెలంగాణ గోస అని ఊరూరు తిరిగిన. నున్నటి రాయి ఒక్కటే ఉంటుండె అని నువ్వు రాసినా నా బుర్రకెక్కలే.

ఇంకో మాట చెప్పాలె. చెప్పకుంటే నాకు నిద్ర రాదు. ఈడ పదిహేను దినాల కింద అందరి బట్టలు కంపు కొట్టినయ్. ఎవలకు ఉతుకుడు రాదు. నేను లేచి తొట్టి కాడికి పోయి, ముప్పై అంగీలు ఉతికి ఆరేసిన. “గింత తెల్లగ ఎట్ల ఉతికినవ్?” అని అందరు అడిగిన్రు. “మా మామ సిద్దిపేటల చాకలి, ఆయన దగ్గర నేర్చుకున్న” అన్న. వస్త్ర రంగం అని ఇగ ఎన్నడనను. నువ్వు ఈడికి రా మామా. గేటు కాడ నా పేరు, నీ పేరు రెండు గట్టిగ చెప్పు.

ఇషాక్ చాచాకు నా సలాం చెప్పు. నా తరఫున బండ మీద ఒక్క దెబ్బ ఎయ్యి. స్వరాజ్యలక్ష్మికి ఏం రాయాల్నో తెలుస్తలేదు. ఆమె కోపం తగ్గిందేమో అడిగినట్టు రాయి, నేను అడగమన్నట్టు రాయకు.

నీ అల్లుడు,
నర్సు


సిద్దిపేట,
19 అక్టోబర్ 1969

నర్సూ,

వచ్చే వారం నిన్ను విడుస్తరని వకీలు చెప్పిండు. ఏ వకీలో అడగకు, ఇప్పుడు నీ కేసు గూడ దామోదర్ సాబే పైస తీసుకోకుండ ఫుకట్‌గ చూస్తుండు. పేపరాయనను వెంటవెట్టుకొనే కోర్టుకు పోతుండు.

తెలంగాణ ఇంక రాలే. సంఘం మాత్రం పోయింది. చెరువు కట్ట మస్తు కళగున్నది బిడ్డా. కటకటాల మీద నేను చీరలు ఆరేస్తున్న, అంత మంచి దండెం నా జన్మల చూడలే. సిమెంటు బల్లలను జనం గడ్డపారలతోని పెకిలిచ్చి చెరువు దిక్కు తిప్పిన్రు. వాటి మీద ముసలోళ్ళు, పసిపిల్లల తల్లులు కూసుంటున్నరు. మైమూనా ఆపా, ఇషాక్ భాయ్ పెండ్లాం, జొన్నలు చెరిగేది గూడ ఈడనే. పెద్ద బతుకమ్మకు ఆడోళ్ళందరు పీకిన కటకటాల సందుకెంచే నీళ్ళకు దిగిన్రు. స్వరాజ్యలక్ష్మి ఆడుకుంట నడుమ నడుమ సడకు దిక్కు చూసింది. కోపం ఉన్నదంటది.

బండ ముచ్చట అడుగుతవు కదా. నీ తరఫున దెబ్బ ఏసిన, హెడ్మాస్టరు కొత్త ధోతితోని. నాలుగు నెలల దెబ్బలకు మంత్రి గారి పేరు ఊసిపోయింది. పద్నాలుగు పేర్లల్ల పన్నెండు పోయినయ్. దామోదర్ సాబు పేరు జర మొండిది, ఆయన అంగీలతోనే రుద్దుతున్న. అడుగు మూలకు నా చెయ్యి పోదు కాబట్టి ‘ప్రజల కొరకు’ మాత్రం సగం సగం కనబడుతుంది.

మొన్న ఇషాక్ భాయ్ ఉలి పట్టుకొని వచ్చి దాని ముంగట కూసున్నడు. “భాయ్, గీ రెండు మాటలు మంచియే కదా, లోతుగ చెక్కాల్నా? ఎన్నటికి పోకుండ ఉంటయ్” అన్నడు.

వద్దన్న. లోతుగ చెక్కితే జనం బట్టలు చినుగుతయ్.

జల్ది రా. గాటు మీద నువ్వే చెయ్యి పెట్టి చూద్దువు.

నీ మామ,
చాకలి రాజమల్లయ్య